జావేద్ మోకాలు

మా బందరు కెరటాలు టీము యాజమాన్యానికి బాస్కెట్‌బాల్ తెలియదు. ఈ మాట నేను ఎవరి ముందైనా అంటాను. ఇరవై ఏళ్ళ కుర్రాడు, ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి, బుట్ట కింద చేతులెత్తి నిలబడితే అవతలివాళ్ళు బంతి వెయ్యడానికే జంకుతారు. అలాంటివాణ్ణి చేతిలో ఉంచుకుని వదులుకున్నవాళ్ళని ఏమనాలి? ఏమన్నా తక్కువే. నా భార్య వీరదుర్గ పక్కన ఉన్నప్పుడు మాత్రం ఈ మాట కాస్త గొంతు తగ్గించి అంటాను. కారణం చెబుతాను.

నా పేరు నాంచారయ్య. ఊరు నాగాయలంక, పని రొయ్యల సాగు. ముప్పై ఏళ్ళ క్రితం గుడివాడలో కాలేజీ చదువు వెలగబెట్టే రోజుల్లో సిమెంటు కోర్టు మీద బాస్కెట్‌బాల్ ఆడాను. ఐదడుగుల తొమ్మిదంగుళాలవాణ్ణి సెంటర్‌గా ఆడించారంటే మా టీము ఎంత గొప్పదో మీరే ఊహించుకోండి. గెలిచింది తక్కువ, మోకాళ్ళు చెక్కుకుపోయింది ఎక్కువ. అయినా పిచ్చి పోలేదు. నాలుగేళ్ళ క్రితం కోస్తా జిల్లాలకి ఆరు టీములతో ఒక లీగు పెట్టి, అందులో బందరుకొకటి, గుడివాడకొకటి ఇచ్చారని తెలిసిన రోజున మళ్ళీ పెళ్ళయినంత సంబరపడ్డాను. ఆ మాటే పైకి అనేసి రెండు రోజులు ఇంట్లో తిట్లు తిన్నాను.

గుడివాడలో చదివి బందరు టీముని నెత్తికెత్తుకున్నానని గుడివాడ వాళ్ళకి నా మీద గుర్రు. అందరికంటే ఎక్కువ గుర్రు సీతారామయ్యకి. కాలేజీ టీములో నా పక్కన ఆడినవాడే, ఇప్పుడు అక్కడే ఎరువుల కొట్టు నడుపుతున్నాడు. ఆదివారం పొద్దున్న పామర్రు సెంటర్లో ఒక టీ కొట్టు దగ్గర రెండు టీముల అభిమానులం కలుస్తాం. అతనికి దగ్గరే, నాకే దూరం. నేను మొవ్వ మీదుగా బండి మీద వస్తాను, అతను బస్సులో వస్తాడు. టీ తాగేది పది నిమిషాలు, అరుచుకునేది రెండు గంటలు.

ఈ ఏడాది అరుపులన్నీ ఒక్క కాగితం గురించే. మా లీగులో ఒక నిబంధన ఉంది. ప్రతి టీమూ ఒక్క ఆటగాడికి మాత్రమే మూడు సీజన్ల కాంట్రాక్టు ఇవ్వవచ్చు. మిగతావాళ్ళందరివీ ఏడాది కాగితాలే. మూడేళ్ళ కాగితం దొరికినవాడికి దెబ్బ తగిలినా, ఆట తగ్గినా జీతం ఆగదు, ఇన్సూరెన్సు ఇంట్లోవాళ్ళకి కూడా వస్తుంది. ఏడాది కాగితం గడువు తీరినవాడు మళ్ళీ టీములు వంతులవారీగా ఆటగాళ్ళని ఎంచుకునే బల్ల మీదకి వెళ్ళాలి. అక్కడ ఆఖరి స్థానంలో ఉన్న టీముకి మొదటి ఎంపిక. ఆఖరి స్థానం ఎవరిదంటే, చెప్పాలా, గుడివాడదే.

మా దగ్గర కాగితానికి అర్హులు ఇద్దరు. ఒకడు విక్రమ్. ముప్పై మూడేళ్ళు, దూరం నుంచి వేస్తే గురి తప్పదు, ఈసారి మమ్మల్ని సెమీఫైనల్ దాకా లాక్కొచ్చాడు. రెండోవాడు జావేద్. సగం ఆటలు బెంచీ మీద కూర్చున్నాడు, ఆటకి ఏడు పాయింట్లు మించలేదు.

"ఏడు పాయింట్లవాడికి మూడేళ్ళా? మీ ఓనరు గారికి రొయ్యల వ్యాపారం ఎక్కువై మతి పోయిందా బావా?" అన్నాడు సీతారామయ్య, ఈ గొడవ మొదలవడానికి ముందు ఆదివారం.

"ఏడు పాయింట్లు చూశావుగానీ వాడు ఆపిన బంతులు చూశావా? పన్నెండు నిమిషాల ఆటలో నాలుగు ఆపాడు. మీ టీము మొత్తం కలిపి సీజనంతా ఎన్ని ఆపిందో చెప్పు," అన్నాను.

"ఇవాళ గెలిపించేవాణ్ణి వదిలేసి ఎప్పుడో గెలిపించేవాణ్ణి పట్టుకుంటారా?"

"విక్రమ్‌కి ఇప్పుడు ముప్పై మూడు. మూడో సీజన్ అయ్యేసరికి ముప్పై ఆరు. అప్పుడు కోర్టు మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టి ఆడిస్తామా? బంతి వెయ్యడం ఎవడికైనా నేర్పుకోవచ్చు బావా. ఆరడుగుల తొమ్మిదంగుళాలు ఎక్కడ నేర్పుతారు, మీ గుడివాడలోనా?"

టీ కొట్టతను కూడా నవ్వాడు. ఆ రోజు గెలుపు నాదే.

జావేద్ గురించి నేను అలా మాట్లాడడానికి ఇంకో కారణం ఉంది. వాణ్ణి మొదట చూసింది నేను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, సరే, గొప్ప కోసమే చెబుతున్నాను. నాలుగేళ్ళ క్రితం మా ఊరి తిరునాళ్ళకి బందరు నుంచి జమీలా అనే ఆవిడ రోల్డ్ గోల్డ్ నగల కొట్టు పెట్టింది. గాలికి టార్పాలిన్ గుంజ విరిగిపోతే పదహారేళ్ళ కొడుకు గుంజ బదులు తనే నిలబడి, ఒంటిచేత్తో ఆ టార్పాలిన్ పట్టుకున్నాడు. గంట సేపు చెయ్యి దించలేదు. నేను గాజులు బేరమాడడం మానేసి వాడి పాదాలు చూశాను. చెప్పులు దాటి రెండంగుళాలు బయటికి ఉన్నాయి. ఈ పిల్లాడు ఇంకా పెరుగుతాడని అప్పుడే అన్నాను. వాణ్ణి బందరు కోచ్ దగ్గరికి తీసుకెళ్ళింది నేను, ఆ పాదాలకి సరిపోయే బూట్లు విజయవాడలో వెతికి తెచ్చింది నేను. జమీలా నన్ను అన్నయ్య గారూ అంటుంది. వాడు మావయ్యా అంటాడు.

మూడేళ్ళ కాగితం వస్తే జమీలా నగల కార్ఖానాలో పని మానేస్తుంది. పదకొండో ఏట నుంచీ నేల మీద మఠం వేసుక్కూర్చుని గొలుసులు అతికే పని ఆవిడది. ఇన్సూరెన్సు రాగానే అమ్మ మోకాలికి ఆపరేషన్ చేయిస్తానని వాడు నాతో రెండు మూడుసార్లు అన్నాడు. ఈ మాట నాకు తెలుసు. తెలిసి కూడా ఏం చేశానో వినండి.

మంగళవారం నా నడుం పట్టేసింది. బందరులో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. బెల్టు కట్టించుకుని మెట్లు దిగుతుంటే కింద వరండాలో జావేద్ కనిపించాడు. గోడకి ఆనుకుని నిలబడ్డాడు, చేతిలో ఎక్స్‌రే కవరు. వాడి వెనక బల్ల మీద చాలామంది కూర్చుని ఉన్నారు, ఎవరెవరో నేను చూడలేదు. నాకు కనిపించింది కవరు ఒక్కటే.

పలకరించొచ్చు కదా అంటారు. మా రొయ్యల రైతులకి ఒక పద్ధతి ఉంది. నీళ్ళు పరీక్ష చేసే ల్యాబు దగ్గర ఎవరైనా రైతు సీసా పట్టుకుని కనిపిస్తే మేం పలకరించం. వాడి చెరువుకి ఏదో తెగులు వచ్చిందని మనకి తెలిసినట్టు వాడికి తెలియకూడదు, అది మర్యాద. చూడనట్టే తల తిప్పుకుని వెళ్ళిపోతాం. ఇంటికి వెళ్ళాక మాత్రం ఆ సంగతి పక్క చెరువువాడికి చెబుతాం, అది జాగ్రత్త. ముప్పై ఏళ్ళ అలవాటు. కాళ్ళు వాటంతటవే పక్క గేటు వైపు నడిచాయి.

ఒక్కడికి చెప్పాను. ఒక్కడికే. తాతయ్యకి. తాతయ్య అంటే మా తాత కాదు, అతని పేరే అది. వయసులో నాకంటే చిన్న, పక్క చెరువు రైతు, నాలాగే కెరటాల అభిమాని.

"జావేద్ ఎముకల ఆసుపత్రిలో కనిపించాడురా. చేతిలో ఎక్స్‌రే ఉంది. ఎవరికీ చెప్పకు," అన్నాను.

"నాకెందుకు బావా, నేనెవరికి చెబుతాను?" అన్నాడు.

గురువారం పొద్దున్న టీము మేనేజరు మా అభిమానుల వాట్సాప్ గ్రూపులో ఓటింగు పెట్టాడు. నాలుగు వందల పైచిలుకు సభ్యులం. మూడు సీజన్ల కాగితం ఎవరికి, జావేద్‌కా, విక్రమ్‌కా? ఆదివారం సాయంత్రం ఐదింటికి గడువు, అభిమానుల మాటే ఓనరు గారి మాట, అని రాశాడు. ఓనరు గారు రొయ్యల ఎగుమతి వ్యాపారి. టిక్కెట్లు కొనేవాళ్ళు ఎటుంటే అటే ఉంటాడు. మధ్యాహ్నానికి జావేద్‌కి నూట ఎనభై, విక్రమ్‌కి అరవై. నేను భోజనం మధ్యలో లేచి మరీ చూసుకుని, రాత్రి నింపాదిగా వేద్దామని పక్కన పెట్టాను.

సాయంత్రానికి మొదలైంది. "జావేద్‌కి ఏదో మోకాలి సమస్యంట." ఇంకొకడు, "అందుకే బెంచీ మీద కూర్చోబెట్టారంట." మరొకడు, "ఆపరేషన్ పడుతుందంట, ఏడాది దాకా నడవలేడంట." అంట, అంట, అంట. ఒక్కడూ చూశానని అనడు. ఓటు వేసినవాళ్ళు వెనక్కి తీసుకుని విక్రమ్‌కి వెయ్యడం మొదలుపెట్టారు. శుక్రవారం మధ్యాహ్నానికి లెక్క తారుమారైంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. బుద్ధి ఉందా వీళ్ళకి? నిన్నటిదాకా నెత్తిన పెట్టుకున్నవాళ్ళే! కానీ మండుతూనే ఇంకో పక్క ఆలోచన మొదలైంది. ఇంతమంది అంటున్నారు. నేను కళ్ళారా ఎక్స్‌రే చూశాను. వాళ్ళకి వేరే దారిలో తెలిసింది, నాకు వేరే దారిలో తెలిసింది, రెండూ కలిశాయంటే నిజమే అయ్యుంటుంది. అవి రెండు దారులు కావని నాకు తట్టలేదు. ఇంత వయసొచ్చి, ఇన్ని చెరువులు చూసి, తట్టలేదు.

శుక్రవారం సాయంత్రం చెరువు గట్టు మీద ఫోను పట్టుకుని నిలబడితే, వీరదుర్గ మేత బకెట్టు దించి నా మొహంలోకి చూసింది.

"ఏంటండీ అలా ఉన్నారు?"

"అందరూ విక్రమ్‌కే వేస్తున్నారే. కుర్రాడి మోకాలు పోయిందంట. పాడైపోయిన కాలికి మూడేళ్ళ కాగితం ఇస్తే టీము మునిగిపోతుంది."

"పోయిందని వాడు చెప్పాడా?"

"వాడెందుకు చెబుతాడు?"

"రెండేళ్ళ కిందట ఇదే గట్టు మీద ఇదే మొహంతో నిలబడ్డారు మీరు," అంది.

ఆ సంగతి ఎత్తితే నాకు కోపం. రెండేళ్ళ కిందట దీవుల వైపు చెరువులకి తెల్లమచ్చ వచ్చిందని పుకారు లేచింది. ఆ తెగులు తగిలితే మూడు రోజుల్లో చెరువంతా చచ్చిపోతుంది. మా గట్టు మీద ఒకడు రొయ్యల్ని ముందే పట్టేద్దామని వల వేశాడు, వాణ్ణి చూసి ఇంకొకడు, వాళ్ళిద్దర్నీ చూసి నేను. యాభై రోజుల చిన్న రొయ్యలు, కిలోకి నూటపది తూగాయి. అందరం ఒకే రోజు పట్టేసరికి కొనేవాడు లేడు. గట్టు చివర చెరువు రైతు మాత్రం నీళ్ళు పరీక్ష చేయించుకుని, ఏమీ లేదని తేలాక నింపాదిగా మేత వేసుకున్నాడు. రెండు నెలల తర్వాత కిలోకి ముప్పై మాత్రమే తూగే పెద్ద రొయ్య పట్టాడు. తెల్లమచ్చ దీవుల్లోనూ రాలేదు, ఎక్కడా రాలేదు.

"అదీ ఇదీ ఒకటేనా?" అని అరిచాను.

"నాకేం తెలుసు, నాకు ఆట తెలీదుగా," అని బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

నేను విక్రమ్ పేరు మీద వేలు పెట్టాను. రెండు వందల తొంభై ఒకటో ఓటు.

ఆదివారం పొద్దున్న పామర్రు వెళ్ళాను. సీతారామయ్య అప్పటికే వచ్చి, టీ కొట్టతనికి నా లెక్కలో రెండు బజ్జీలు కూడా చెప్పి కూర్చున్నాడు.

"రా బావా రా. మీ జావేద్ మాకే వస్తున్నాడంటగా, దండ ఏ సైజుది తేవాలో చెప్పు."

"తీసుకోండి. మోకాలు పోయినవాడు మీకే సరిపోతాడు."

సీతారామయ్య బజ్జీ నోటి దాకా తీసుకెళ్ళి ఆగాడు. "మోకాలేంటి బావా? శుక్రవారం మా కోచ్ బందరు వెళ్ళి మీ వాళ్ళ ప్రాక్టీసు గేటు దగ్గర నిలబడి చూసొచ్చాడు. రెండు గంటలు గెంతుతూనే ఉన్నాడంట కుర్రాడు. మీ గ్రూపులో నాలుగు వందల మంది ఉన్నారు కదా, ఒక్కడు కూడా వెళ్ళి చూడలేదా?"

నేను బజ్జీల ప్లేటు అతని వైపు నెట్టాను.

"కాకపోతే మా దగ్గర మూడేళ్ళ కాగితం ఖాళీ లేదు," అన్నాడు. "పోయినేడు ఇచ్చేశాం. ఏడాదికి తీసుకుంటాం, ఆ తర్వాత వాడి అదృష్టం. పాపం, ఇరవై ఏళ్ళవాడికి మీరు చేసింది మాత్రం బాగాలేదు బావా."

గుడివాడ వాడితో అనిపించుకోవడం! టీ అక్కడే వదిలేశాను. దారి పొడుగునా మేనేజర్ని తిట్టుకుంటూనే ఉన్నాను. కుర్రాణ్ణి తీసుకెళ్ళి డాక్టరుకి ఒక్కసారి చూపించొద్దా? పది నిమిషాల పని. నాలుగు వందల మంది నోటి మాట విని ఆటగాణ్ణి వదిలేస్తారా? దానికి ఒక ఆఫీసు, ఒక మేనేజరు, గోడ మీద బొమ్మలు! బందరులో ఆఫీసుకి వెళ్తే తాళం వేసి ఉంది. ఆ కోపంతోనే బండి ఇనగుదురుపేట వైపు తిప్పాను. జమీలా ఇంటికి వెళ్ళి, మీకు అన్యాయం జరిగింది, నేను ఊరుకోను అని చెప్పాలనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

జమీలా తలుపు తీసింది. కుడి మోకాలికి లావుపాటి కట్టు. గోడ పట్టుకుని నడుస్తూ నాకు కుర్చీ వేసింది.

"రండి అన్నయ్య గారూ. వాడు ప్రాక్టీసుకి వెళ్ళాడు. వద్దురా అన్నా వినలేదు."

"నొప్పి ఎక్కువైందా అమ్మా?"

"ఎప్పట్నుంచో ఉన్నదే. మంగళవారం డాక్టరు ఎక్స్‌రే తీయించాడు." కిటికీలో నుంచి రెండు కవర్లు తీసి నా ముందు పెట్టింది. "ఇది నాది. ఇది వాడిది. నిన్న వాడే వెళ్ళి తీయించుకున్నాడు. ఏమీ లేదని డాక్టరు సంతకం పెట్టి ఇచ్చాడు. తీసుకెళ్ళి ఆఫీసులో చూపిస్తే మేనేజరు గారు ఏమన్నారో తెలుసా? ఏమీ లేనివాడు ఎక్స్‌రే ఎందుకు తీయించుకుంటాడు బాబూ, అన్నారంట."

నేను కుర్చీలోంచి లేచిపోయాను. "అన్నాడా ఆ మాట? తీయించుకోకపోతే దాస్తున్నాడంటారు, తీయించుకుంటే రోగం ఉందంటారు! మనుషులేనా వీళ్ళు? అసలు ఈ పుకారు పుట్టించినవాడు దొరకాలమ్మా. ఎవడో పనికిమాలిన వెధవ..."

"అదే అన్నయ్య గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలనుకున్నాను," అంది జమీలా. "మంగళవారం మీరూ అక్కడికి వచ్చారంట కదా. మెట్ల మీద జావేద్ చూశాడంట. నేను వాడి వెనక బల్ల మీదే కూర్చున్నాను. మీరు హడావిడిలో ఉండి మమ్మల్ని చూసుకోలేదు. పోనీలెండి. వాడి చేతిలో కవరు చూసే ఎవరో ఇదంతా లేపినట్టున్నారు. ఎక్స్‌రే నాకోసమని, వాడు కవరు పట్టుకున్నాడంతేనని మీరొక్క మాట గ్రూపులో చెబితే నమ్ముతారు. మీ మాటంటే అందరికీ గౌరవం."

గోడ గడియారంలో రెండున్నర అయింది. నేను మళ్ళీ కుర్చీలో కూలబడ్డాను, ఆవిడ లోపలికి వెళ్ళి టీ పెట్టుకొచ్చింది. గ్లాసు నా వైపు చాచినప్పుడు అన్నాను.

"చెప్పింది నేనేనమ్మా. కవరు చూశాను. ఒకడికి చెప్పాను."

జమీలా గ్లాసు బల్ల మీద పెట్టింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గడియారం వైపు చూసి, "ఐదింటిదాకా టైముంది కదన్నయ్యా," అంది.

నేను గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టాను. నాంచారయ్యని మాట్లాడుతున్నాను. మంగళవారం ఆసుపత్రిలో ఎక్స్‌రే చూసింది నేను, అది జావేద్‌ది కాదు, వాళ్ళమ్మది. పుకారు నా నోట్లోంచి వచ్చింది. బుద్ధి తక్కువై చెప్పాను. దయచేసి ఓట్లు మార్చండి.

జవాబులు వచ్చాయి. "నాంచారయ్య గారికి కుర్రాడంటే ప్రాణం, అందుకే తన మీద వేసుకుంటున్నారు." "పెద్ద మనసు మావయ్యా." ఎవరో రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఓట్లు మాత్రం కదలడం లేదు. వరండాలోకి వచ్చి తాతయ్యకి ఫోను చేశాను.

"ఏరా, నీకు చెప్పింది నేనే కదరా! గ్రూపులో ఆ ముక్క చెప్పు!"

"నువ్వు చెప్పావు బావా, కాదన్లేదు. కానీ ఆ తర్వాత ఆసుపత్రి కాంపౌండరు కూడా చెప్పాడంట కదా."

"ఏ కాంపౌండరు?"

"ఏమో, గ్రూపులో అంటున్నారు. నీ దగ్గర్నుంచీ వచ్చి, కాంపౌండరు దగ్గర్నుంచీ వచ్చిందంటే నిజమేగా బావా?"

"కాంపౌండరు లేడురా! నేనేరా కాంపౌండర్ని!" అని అరిచాను. వీధిలో పోయేవాళ్ళు తిరిగి చూశారు.

మేనేజరుకి ఏడుసార్లు చేస్తే ఎనిమిదోసారి ఎత్తాడు. అంతా విన్నాడు. విని, చాలా మర్యాదగా అన్నాడు. "చూడండీ, మీరు చెప్పేది నిజమే అనుకుందాం. మరి మీరే శుక్రవారం విక్రమ్‌కి ఓటేశారు కదండీ. ఎవరెవరు దేనికి వేశారో లిస్టులో కనిపిస్తుంది, నా ముందే ఉంది. కుర్రాణ్ణి కనిపెట్టిన మీరే వెయ్యలేదంటే ఓనరు గారు ఏమనుకోవాలి? మీ పేరు చూశాకే ఆయన కూడా విక్రమ్ అని నిర్ణయించుకున్నారు."

నేను గుమ్మంలోకి తొంగి చూశాను. జమీలా లోపలుంది. "ఆ సంగతి ఇక్కడెవరికీ చెప్పకండి," అన్నాను, గొంతు బాగా తగ్గించి. ఆ క్షణంలో కూడా నాకు కావలసింది అదే. ఫోను పెట్టేసి నా ఓటు మార్చాను. విక్రమ్‌కి మూడు వందల పదిహేడు కాస్తా మూడు వందల పదహారు అయింది.

నాలుగున్నరకి జావేద్ వచ్చాడు. గుమ్మం కింద తల వంచి లోపలికి అడుగుపెట్టి, "ఎప్పుడొచ్చారు మావయ్యా?" అన్నాడు. చొక్కా చెమటకి తడిసి ముద్దయింది. నేను కొని తెచ్చిన బూట్లు ఎప్పుడో చిరిగిపోయాయి, ఇవి వేరే. వాళ్ళమ్మ జరిగిందంతా చెప్పింది, నా మాటతో సహా. వాడు నేల మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటూ విన్నాడు.

"నేను అక్కడే ఉన్నాను కదా మావయ్యా," అన్నాడు. "పలకరిస్తే చెప్పేవాణ్ణి."

నాకు తల ఎత్తడానికి సిగ్గేసింది. మా రొయ్యల వాళ్ళ మర్యాద గురించి వాడికేం చెప్పను?

ఐదు దాటి రెండు నిమిషాలకి మూడు ఫోన్లూ ఒకేసారి మోగాయి. విక్రమ్ దండ వేసుకుని కాగితం మీద సంతకం పెడుతున్న ఫోటో. పక్కన ఓనరు గారు నవ్వుతున్నారు. గ్రూపులో చప్పట్ల బొమ్మలు పడుతూనే ఉన్నాయి. జమీలా ఒకసారి చూసి ఫోను బోర్లా పెట్టి, గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. పొద్దున్నే కార్ఖానాకి వెళ్ళాలి, బియ్యం నానబెట్టుకోవాలి అని లోపల్నుంచి ఎవరికో చెప్పినట్టు అంది.

నేను జావేద్ వైపు తిరిగాను. ఎవరినో ఒకరిని తిట్టకపోతే ఊపిరాడేలా లేదు. "గుడివాడలో ఏడాది ఆడి చూపించు. వీళ్ళందరూ సిగ్గుతో చావాలి. ఎక్స్‌రే తీయించుకునేదాకా తెచ్చారు నిన్ను! ఎవడు నిన్ను అనుమానించాడో వాడి పేరు చెప్పు నాకు. గ్రూపులోవాళ్ళ మాటలకి నువ్వెందుకు వెళ్ళి తీయించుకోవాలి?"

"వాళ్ళ మాటలకి కాదు మావయ్యా," అన్నాడు జావేద్. విప్పిన బూట్లు రెండూ జతగా గోడ వారన పెట్టాడు. "గురువారం నుంచీ అంటూనే ఉన్నారు, నేను పట్టించుకోలేదు. నా కాలు నాకు తెలుసు కదా. నిన్న పొద్దున్న లిస్టులో మీ పేరు చూశాను. మావయ్య కూడా వేశాడంటే నాకు తెలియకుండా ఏదో ఉండే ఉంటుందనుకున్నాను. అప్పుడు వెళ్ళి తీయించుకున్నాను."